బిజినెస్ వెబ్‌సైట్‌కు రూ.12 వేలా.. రూ.2.5 లక్షలా? కొటేషన్ వెనకున్న అసలు లెక్క ఇదీ!

విజయవాడలో పచ్చళ్ల వ్యాపారం చేసే ఓ కుటుంబం ఉందనుకుందాం. ఇంట్లో మొదలుపెట్టిన వ్యాపారం.. ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు నుంచి కూడా వాట్సాప్‌లో ఆర్డర్లు వస్తున్నాయి. ఆవకాయ అరకిలో, గోంగూర పావుకిలో అంటూ వచ్చే మెసేజ్‌లు చూసుకోవడానికే ఓ మనిషి కావాల్సి వస్తోంది. సరే, ఓ వెబ్‌సైట్ చేయిద్దాం అని ముగ్గుర్ని అడిగారు. ఒకరు రూ.12 వేలు అన్నారు. ఇంకొకరు రూ.65 వేలు అన్నారు. మూడో వాళ్లు ఏకంగా రూ.2.5 లక్షల కొటేషన్ పంపారు. అడిగింది ఒకటే సైట్.. రేట్లలో మాత్రం ఇరవై రెట్లకు పైగా తేడా!

ఈ ముగ్గురిలో ఎవరో ఒకరు మోసం చేస్తున్నారని అనుకోవడం సహజం. కానీ ముగ్గురూ నిజమే చెప్పి ఉండొచ్చు కూడా. ఎందుకంటే 'ఓ వెబ్‌సైట్ కావాలి' అన్న మాటను ముగ్గురూ మూడు రకాలుగా అర్థం చేసుకుంటారు. 'ఓ ఇల్లు కట్టాలి, ఎంతవుతుంది?' అని మేస్త్రీని అడిగితే ఏం చెబుతాడు? ఎన్ని గజాలు, ఎన్ని అంతస్తులు అని ఎదురు ప్రశ్న వేస్తాడు. వెబ్‌సైట్ విషయంలో ఆ ప్రశ్నలు అడక్కుండానే రేటు చెప్పేవాళ్లు ఎక్కువ. తంటా అంతా అక్కడే మొదలవుతోంది.

ముందు ఏం కావాలో తేలాలి

కన్సల్టెన్సీ, క్లినిక్, ఫంక్షన్ హాల్ లాంటి వాటికి ఐదారు పేజీల సైట్ చాలు. మేమెవరం, ఏం చేస్తాం, ఎక్కడున్నాం, ఫోన్ నంబర్. ఇలాంటివాటిలో డిజైన్, రాత పనే తప్ప పెద్ద సాంకేతిక పని ఉండదు. వస్తువుల ఫొటోలు, ధరలు పెట్టి.. కొనాలంటే వాట్సాప్ చేయండి అని చెప్పేది రెండో రకం. కస్టమర్ అక్కడే డబ్బు కట్టి, అక్కడే అడ్రస్ ఇచ్చి, పార్సిల్ ఎక్కడుందో కూడా చూసుకునేది మూడో రకం. అంటే ఆన్‌లైన్ స్టోర్. రెండో రకం నుంచి మూడో రకానికి వెళ్లగానే ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. పేమెంట్, షిప్పింగ్, రిటర్న్, స్టాక్.. ఇవన్నీ వచ్చి చేరతాయి. రూ.12 వేలు చెప్పినవాళ్ల మనసులో ఉన్నది బహుశా మొదటి రకం. పచ్చళ్ల కుటుంబానికి కావాల్సింది మూడోది.

గంటల్లో లెక్కేస్తే బొమ్మ కనిపిస్తుంది

వెబ్‌సైట్‌కు సిమెంటు, ఇటుక ఖర్చులుండవు. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ 2003 నుంచి ఉచితంగానే దొరుకుతోంది. దానికి దుకాణం హంగులు తగిలించే వూకామర్స్ కూడా ఉచితమే. మరి డబ్బులు దేనికి? మనిషి సమయానికి. కాబట్టి అంచనా వేయాల్సింది గంటల్లోనే.

పచ్చళ్ల సైట్‌నే తీసుకుందాం. 40 రకాల పచ్చళ్లు, పొడులు. ఒక్కోటి పావుకిలో, అరకిలో, కిలో సైజుల్లో. అంటే మొత్తం 120 ధరలు పెట్టాలి. కూర్చుని మాట్లాడుకుని ఏయే పేజీలు కావాలో రాసుకోవడానికి 6 గంటలు, హోస్టింగ్, సాఫ్ట్‌వేర్ సెటప్‌కు 4 గంటలు వేసుకుందాం. హోమ్ పేజీ, కేటగిరీ పేజీ, ప్రొడక్ట్ పేజీ డిజైన్‌కు 24 గంటలు. షిప్పింగ్ పాలసీ, రిఫండ్ పాలసీ, కాంటాక్ట్ లాంటి మిగతా పేజీలకు 8. ఒక్కో పచ్చడి ఫొటో, వివరం, మూడు ధరలు ఎక్కించడానికి 20 నిమిషాలు పట్టినా 40 రకాలకు 800 నిమిషాలు.. అంటే దాదాపు 14 గంటలు. పేమెంట్ గేట్‌వే, బరువును బట్టి షిప్పింగ్ ఛార్జీలు సెట్ చేయడానికి 12. తెలుగు వెర్షన్‌కు 10. రకరకాల ఫోన్లలో తెరిచి చూసి తప్పులు దిద్దడానికి 12. చివరగా ఇంట్లోవాళ్లకు ఆర్డర్లు చూసుకోవడం నేర్పించి అప్పగించడానికి 4 గంటలు. అన్నీ కలిపితే 94 గంటలు.

ఇప్పుడు గంటకు ఎంత? ఇది కూడా గాల్లోంచి తీసిన అంకె కానక్కర్లేదు. నెలకు రూ.50 వేలు సంపాదించాలనుకునే ఫ్రీలాన్సర్ ఉన్నాడనుకుందాం. నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు.. మొత్తం 200 గంటలు పనిచేస్తాడు. కానీ అందులో సగం కొత్త క్లయింట్లతో మాట్లాడటం, కొటేషన్లు పంపడం, రావాల్సిన బాకీల కోసం ఫోన్లు చేయడం, కొత్తవి నేర్చుకోవడంలోనే పోతుంది. బిల్లు వేయగలిగేది 100 గంటలకే. అంటే గంటకు రూ.500. ఆఫీసు అద్దె, డిజైనర్, టెస్టర్, మేనేజర్ జీతాలున్న కంపెనీ అయితే సహజంగానే ఈ రేటు రెండు మూడు రెట్లు ఉంటుంది.

94 గంటలను రూ.500తో గుణిస్తే రూ.47,000. మధ్యలో 'ఇది కాదు, అలా ఉంటే బాగుంటుంది' అనే మార్పులు రాకుండా ఏ సైట్ పనీ పూర్తవదు. దానికోసం 15 శాతం పక్కన పెడితే మరో రూ.7,050. మొత్తం రూ.54,050. పనిచేసేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం అంటే రూ.9,729 కలుస్తుంది. అప్పుడు రూ.63,779. రూ.65 వేలు చెప్పిన రెండో మనిషి దాదాపు ఇదే లెక్క వేసుకుని ఉంటాడు. (ఏడాదికి రూ.20 లక్షల లోపు ఆదాయం ఉండి, రిజిస్ట్రేషన్ తీసుకోని ఫ్రీలాన్సర్ జీఎస్టీ పేరుతో డబ్బు వసూలు చేయకూడదు. బిల్లు మీద జీఎస్టీ నంబర్ లేకుండా 18 శాతం వేస్తే అడగాల్సిందే.)

మరి రూ.12 వేలకు ఏమొస్తుంది?

అదే గంటకు రూ.500 లెక్కన రూ.12 వేలంటే 24 గంటల పని. పైన చూశాం కదా.. 24 గంటలు ఒక్క డిజైన్‌కే సరిపోతాయి. మిగతా 70 గంటల పని ఎవరు చేస్తారు? దీనికి రెండే సమాధానాలు. ఒకటి, ఆ పని జరగదు. రెండు, ఆ పని మీరే చేసుకోవాలి. రెడీమేడ్ థీమ్ పెట్టేసి, రంగు మార్చి, లోగో అతికించి ఇచ్చేస్తారు. 120 ధరలు ఎక్కించడం, పేమెంట్ గేట్‌వేకు అప్లై చేయడం, పాలసీ పేజీలు రాసుకోవడం మీ వంతు. ఇంట్లో కంప్యూటర్ తెలిసిన పిల్లలుంటే, తీరిక ఉంటే ఇది తప్పుడు బేరం కాదు. రూ.12 వేల కొటేషన్‌ను చులకనగా చూడాల్సిన పనిలేదు. కానీ అందులో ఏం లేదో ముందే తెలియాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. డబ్బులు పెట్టి కొనాల్సిన థీమ్‌లు, ప్లగిన్‌లను కొందరు పైరసీ కాపీలతో పెట్టేస్తుంటారు. పైకి అంతా బాగానే కనిపిస్తుంది. అప్‌డేట్లు మాత్రం రావు. కొన్నిసార్లు లోపల దొంగ కోడ్ కూడా ఉంటుంది. కొన్నాళ్లకు పచ్చళ్ల సైట్ తెరిస్తే ఇంకేదో జూదం సైట్‌కు వెళ్తుంది. థీమ్, ప్లగిన్ల లైసెన్స్ ఎవరి పేరు మీద కొన్నారో, ఏడాది తర్వాత రెన్యువల్ ఎంతో రాసివ్వమని అడిగితే సగం విషయం అక్కడే తేలిపోతుంది.

రూ.2.5 లక్షల వాళ్ల సంగతేంటి? వాళ్లు ఉచిత సాఫ్ట్‌వేర్ వాడకుండా మొత్తం కోడ్ సొంతంగా రాస్తామని చెప్పి ఉండొచ్చు. మొబైల్ యాప్ కూడా కలిపి ఉండొచ్చు. ఫొటోషూట్, బ్రాండింగ్, ఆరు నెలల ప్రచారం కూడా అందులో ఉండొచ్చు. రోజుకు వెయ్యి ఆర్డర్లు వచ్చే వ్యాపారానికి అది సబబే. రోజుకు పదిహేను ఆర్డర్లు వచ్చే పచ్చళ్ల ఇంటికి సొంత కోడ్ అవసరమే లేదు. పైగా రేపు రాసినవాళ్లు అందుబాటులో లేకపోతే ఆ కోడ్ పట్టుకోవడానికి వేరేవాళ్లు ముందుకు రారు. వర్డ్‌ప్రెస్ తెలిసినవాళ్లు అయితే అమీర్‌పేటలోనూ దొరుకుతారు, అనంతపురంలోనూ దొరుకుతారు.

కట్టించడం ఒక ఎత్తు.. నడపడం ఇంకో ఎత్తు

చాలామంది కొటేషన్‌లో కింద ఉన్న అంకె ఒక్కటే చూస్తారు. కానీ వెబ్‌సైట్ ఖర్చు మొదటి రోజుతో అయిపోదు. డొమైన్ అంటే సైట్ పేరు. దీన్ని కొనడం అంటూ ఉండదు, ఏడాది ఏడాదికి అద్దెకు తీసుకోవడమే. డాట్ కామ్ అయినా, డాట్ ఇన్ అయినా మొదటి ఏడాది ఆఫర్‌లో రూ.99కో రూ.199కో దొరకొచ్చు. రెండో ఏడాది నుంచి అసలు రేటు పడుతుంది. డాట్ కామ్ పేరును ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్లకే రిజిస్టర్ చేసుకునే వీలుంటుంది. కాబట్టి 'లైఫ్‌టైమ్ ఫ్రీ డొమైన్' అని ఎవరైనా చెబితే.. ఎవరి లైఫ్‌టైమ్ అని అడగాల్సిందే.

హోస్టింగ్‌దీ అదే కథ. నెలకు రూ.100 లోపే అని కనిపించే ఆఫర్లు మూడు, నాలుగేళ్లకు ఒకేసారి కడితే వర్తించేవి. గడువు తీరాక రెన్యువల్ రేటు రెండు మూడింతలు కావడం మామూలే. సైట్ అడ్రస్ పక్కన తాళం గుర్తు రావడానికి కావాల్సిన ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ మాత్రం చిన్న సైట్లకు ఉచితంగానే దొరుకుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దీన్ని ఫ్రీగా ఇస్తోంది, చాలా హోస్టింగ్ కంపెనీలు దాన్నే పెడతాయి. ఇది లేకపోతే 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజర్ ఆ సైట్‌ను సురక్షితం కాదని చూపిస్తోంది. కాబట్టి ఎస్ఎస్ఎల్ తప్పనిసరి. కానీ చిన్న సైట్‌కు ఆ పేరుతో వేలల్లో బిల్లు వేస్తే ప్రశ్నించొచ్చు.

డొమైన్‌కు ఏటా రూ.1,000, హోస్టింగ్‌కు రూ.5,000, అప్‌డేట్లు, బ్యాకప్‌లు, చిన్నాచితకా మార్పులకు నెలకు రూ.1,500 చొప్పున రూ.18,000 అనుకుందాం. ఏటా రూ.24,000. మూడేళ్లకు రూ.72,000. కట్టించడానికైన రూ.63,779 కలిపితే రూ.1,35,779. అంటే మూడేళ్లలో సైట్ ఖర్చు మొదట చెప్పిన రేటుకు రెండింతలు దాటింది. కొటేషన్లను పోల్చాల్సింది ఈ మూడేళ్ల అంకెతోనే. తక్కువ రేటుకు కట్టి, నెలనెలా మెయింటెనెన్స్ కింద ఎక్కువ లాగే కొటేషన్లు ఇక్కడే బయటపడతాయి.

షాపిఫై లాంటి నెల చందా సైట్లు ఇంకో దారి. హోస్టింగ్, సెక్యూరిటీ తలనొప్పి ఉండదు, దుకాణం తొందరగా తెరుచుకుంటుంది. చందా నెలకు రూ.2 వేలు అనుకుంటే మూడేళ్లకు రూ.72,000. అంటే పైన లెక్కేసిన నిర్వహణ ఖర్చుతో సమానమే. కట్టించే ఖర్చులో మాత్రం బాగా ఆదా. కాకపోతే చందా ఆపిన రోజు దుకాణం మూతపడుతుంది. వేరే చోటికి మారితే ప్రొడక్టుల జాబితా వస్తుంది కానీ డిజైన్ రాదు. అదనపు ఫీచర్ల యాప్‌లకు విడిగా డబ్బులు కట్టాలి. కొత్తగా వ్యాపారం పరీక్షించి చూసేవాళ్లకు ఇదే మేలు.

పేమెంట్ గేట్‌వే ఖర్చు కూడా లెక్కలోకి రావాలి. కార్డు చెల్లింపుల మీద సాధారణంగా 2 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ పడుతుంది. వెయ్యి రూపాయల ఆర్డర్‌కు రూ.20 ఫీజు, రూ.3.60 పన్ను. చేతికొచ్చేది రూ.976.40. యూపీఐ, రూపే డెబిట్ కార్డులపై 2020 జనవరి నుంచి ఎండీఆర్ ఛార్జీ లేదు. అయినా కొన్ని గేట్‌వేలు తమ సర్వీసు ఫీజు అంటూ విడిగా తీసుకుంటాయి. ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉండేది అదే.

ఏ కొటేషన్‌లోనూ కనిపించని ఖర్చులు

ఇది చాలామంది ఊహించని విషయం. పచ్చళ్ల సైట్ తెరవగానే హైదరాబాద్ నుంచి ఆర్డర్ వస్తుంది. విజయవాడ నుంచి హైదరాబాద్ అంటే ఇప్పుడు వేరే రాష్ట్రం. పన్ను వర్తించే సరుకును వేరే రాష్ట్రానికి అమ్మాలంటే టర్నోవర్ ఎంత తక్కువున్నా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందే. కొన్ని హస్తకళా వస్తువులకు మినహాయింపులున్నాయి గానీ పచ్చళ్లకు లేదు. కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మడానికే వీల్లేదు. అంటే వెబ్‌సైట్‌తో పాటు నెలనెలా ఆడిటర్ ఫీజు కూడా మొదలవుతుందన్నమాట. ఒక మేలేంటంటే.. మామూలు రిజిస్ట్రేషన్ ఉంటే సైట్ బిల్లు మీద కట్టిన ఆ రూ.9,729ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. బిల్లు మీద మీ జీఎస్టీ నంబర్ ఉండాలి.

ఆహార పదార్థాలు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ కావాలి, సైట్‌లోనూ చూపించాలి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం వ్యాపారం పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఇంట్లో పెద్దమ్మాయే ఆ అధికారి అయినా ఫర్వాలేదు, పేరు మాత్రం ఉండాలి. ప్యాక్ చేసిన సరుకుకు ఎంఆర్‌పీ, నికర బరువు, తయారీదారు వివరాలు కూడా కనిపించాలి. ఆ పేజీలు ఎవరు రాస్తారన్నది కొటేషన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. చాలాసార్లు వేరే సైట్ నుంచి కాపీ కొట్టి పెట్టేస్తారు. అందులో వేరే ఊరి పేరు, వేరే కోర్టు పరిధి అలాగే ఉండిపోయిన సందర్భాలూ ఉంటాయి.

తెలుగు వెర్షన్ కావాలనుకునేవాళ్లకు ఇంకో చిక్కు. పాత మెనూ కార్డులు, లేబుళ్లు చాలావరకు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టించినవే. వాటిని ఉన్నదున్నట్టు సైట్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక ఒత్తులు, పొల్లులు సరిగా వచ్చాయో లేదో మనిషి కూర్చుని చూడాలి. 'గోంగూర' కాస్తా ఇంకేదో అయిందంటే కస్టమర్ స్క్రీన్‌షాట్ తీసి గ్రూపుల్లో పెట్టేస్తాడు. ఫాంట్ల ఖర్చు మాత్రం లేదు. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి.

షిప్పింగ్ లెక్క తప్పితే నష్టం ప్రతి ఆర్డర్‌లోనూ కనిపిస్తుంది. కొరియర్లు ఎక్కువగా అరకిలో స్లాబుల్లో ఛార్జ్ చేస్తాయి. అరకిలో ఆవకాయ అంటే డబ్బా, బబుల్ ర్యాప్, అట్టపెట్టె కలిపి అరకిలో దాటిపోతుంది. అప్పుడు కిలో స్లాబ్ పడుతుంది. సైట్‌లో మాత్రం అరకిలో ఛార్జే వేస్తే తేడా మీ జేబులోంచే. పైన షిప్పింగ్ సెటప్‌కు గంటలు ఎక్కువ వేసింది అందుకే.

డొమైన్ ఎవరి పేరు మీద ఉంది?

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ఇది. డబ్బుల్లో చూస్తే డొమైన్ అతి చవక. కానీ ఆ పేరే డబ్బాల లేబుళ్ల మీద, విజిటింగ్ కార్డుల మీద, షాపు బోర్డు మీద అచ్చవుతుంది. సైట్ చేసిన మనిషి తన అకౌంట్‌లో, తన మెయిల్‌తో డొమైన్ కొని పెడతాడు. రెండేళ్లు బాగానే ఉంటుంది. తర్వాత అతను ఉద్యోగం దొరికి బెంగళూరు వెళ్లిపోతాడు, ఫోన్ ఎత్తడు. లేదంటే మెయింటెనెన్స్ రేటు పెంచుతాడు. అప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు. డొమైన్ గడువు తీరితే, దాన్ని వేరేవాళ్లు తీసుకుంటే, ఏళ్లపాటు సంపాదించిన పేరు పోయినట్టే.

అందుకే డొమైన్, హోస్టింగ్ రెండూ మీ సొంత మెయిల్‌తో, మీ ఫోన్ నంబర్‌తో, మీ కార్డుతోనే తీసుకోవాలి. పదిహేను నిమిషాల పని. తర్వాత డెవలపర్‌కు లోపలికి వచ్చే అనుమతి ఇవ్వొచ్చు. ఇప్పటికే వేరేవాళ్ల దగ్గర ఉంటే ట్రాన్స్‌ఫర్ కోడ్ అడగాలి. ఆ కోడ్ ఉంటే డొమైన్‌ను మీ అకౌంట్‌లోకి మార్చుకోవచ్చు. 'అదంతా మేం చూసుకుంటాం, మీకెందుకు సార్' అనే సమాధానం వస్తే ఆ కొటేషన్ ఎంత తక్కువున్నా ఆలోచించాల్సిందే. ఆన్‌లైన్‌లో వెతికితే కనిపించే వివరాలు దాచి ఉండొచ్చు కాబట్టి వాటిమీద ఆధారపడకూడదు. లాగిన్ మీ చేతిలో ఉందా లేదా.. అదొక్కటే పరీక్ష.

డిజైన్, కోడ్ మీద హక్కుల సంగతి కూడా ఇలాంటిదే. డబ్బులిచ్చాం కాబట్టి మాదే అనుకుంటారు అందరూ. 1957 కాపీరైట్ చట్టం అలా చెప్పదు. ఉద్యోగి చేసిన పని యజమానిది అవుతుంది. బయటి ఫ్రీలాన్సర్ రాసిన కోడ్‌కు మాత్రం మొదటి హక్కుదారు అతనే. మీకు బదిలీ చేస్తున్నట్టు రాతపూర్వకంగా సంతకం పెట్టి ఇవ్వాలి. అందులోనూ ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే అని, ఎక్కడివరకో రాయకపోతే భారత్ వరకే అని చట్టం అనుకుంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు పచ్చళ్లు పంపే ఆలోచన ఉన్నవాళ్లు ఈ రెండు మాటలూ ఒప్పందంలో రాయించుకోవడం మంచిది. వర్డ్‌ప్రెస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఇది వర్తించదు.. మీకోసం ప్రత్యేకంగా చేసిన డిజైన్, రాత గురించే ఈ జాగ్రత్త.

డబ్బు ఎప్పుడు, ఎంత ఇవ్వాలి?

మొత్తం అడ్వాన్స్ ఇస్తే పని నత్తనడక నడుస్తుంది. ఏమీ ఇవ్వకపోతే డెవలపర్ మొదలుపెట్టడు, అతని భయం అతనిది. మొదట 30 శాతం, డిజైన్ ఓకే అయ్యాక 40, సైట్ నడుస్తూ లాగిన్‌లన్నీ చేతికొచ్చాక 30 అన్నది ఇద్దరికీ కుదిరే పద్ధతి. చివరి 30 శాతం ఇచ్చే ముందు ఒక్క రూపాయితో నిజమైన ఆర్డర్ పెట్టి చూడాలి. డబ్బు కట్ అయిందా, మెసేజ్ వచ్చిందా, రిఫండ్ కొడితే వెనక్కి వెళ్లిందా.. ఇవన్నీ కళ్లతో చూశాకే.

ఎన్నిసార్లు మార్పులు ఉచితం అన్నది కూడా రాసుకోవాలి. సాధారణంగా రెండు విడతలు ఉంటాయి. ఆ తర్వాత గంటకు ఎంతో ముందే చెప్పించుకుంటే గొడవ ఉండదు. నిజానికి ఆలస్యానికి సగం కారణం క్లయింటే. ఫొటోలు ఇవ్వరు, ధరలు తేల్చరు, బావమరిది చూసి ఓకే చెప్పాలంటారు. ఆ ఆలస్యం కూడా డెవలపర్ రేటులో కలిసే ఉంటుంది. ఫొటోలు, ధరలు, వివరాలు ముందే ఓ ఎక్సెల్ షీట్‌లో రెడీగా పెట్టుకుని వెళ్లేవాళ్లకు రేటు తగ్గించమని అడిగే హక్కు ఉంటుంది. పైన లెక్కలో ఆ 14 గంటల ఎంట్రీ పని ఇంట్లోనే చేసుకుంటే రూ.7,000 మిగులుతుంది.

కొటేషన్‌లో 'గూగుల్ మొదటి పేజీ గ్యారెంటీ' అని ఉంటే ఆ లైన్‌కు డబ్బులివ్వక్కర్లేదు. మొదటి స్థానం గ్యారెంటీ అని ఎవరూ చెప్పలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లో తనే చెబుతోంది.

కొంతమందికి సైట్ అక్కర్లేదు కూడా

కాలనీలో టిఫిన్ సెంటర్, టైలర్, పంక్చర్ షాపు.. వీళ్లకు రూ.12 వేల సైట్ కూడా దండగే. గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టుకోవడమూ ఉచితమే. వీధిలోవాళ్లకు కావాల్సింది టైమింగ్స్, ఫోన్ నంబర్, దారి. అవి అందులోనే దొరుకుతాయి.

అలాగని మొత్తం ఉచిత సర్వీసుల మీదే ఆధారపడితే ఏమవుతుందో కూడా చూశాం. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా చిన్న వెబ్‌సైట్ చేసుకునే వీలు కొన్నేళ్లపాటు ఉండేది. 2024 మార్చిలో గూగుల్ దాన్ని మూసేసింది. పాత లింకులు జూన్ 10 వరకు ప్రొఫైల్‌కు దారి చూపాయి, ఆ తర్వాత పనిచేయడం మానేశాయి. విజిటింగ్ కార్డుల మీద ఆ లింకులు అచ్చు వేయించుకున్న చిన్న వ్యాపారులు కొత్త కార్డులు కొట్టించుకోవాల్సి వచ్చింది. సొంత డొమైన్‌కు ఏటా పెట్టే ఆ వెయ్యి రూపాయలు అందుకోసమే. సైట్ ఇప్పుడే వద్దనుకున్నవాళ్లు కూడా పేరు మాత్రం ముందు తీసి పెట్టుకుని, దాన్ని తాత్కాలికంగా వాట్సాప్ నంబర్‌కు లింక్ చేసుకోవచ్చు. రేపు సైట్ తయారయ్యాక లేబుల్ మీద పేరు మారదు.